వరద దైవికమా? మానుషమా?

శ్రీ క్రోధి నామ సంవత్సర శ్రావణ బహుళ చతుర్దశి, భానువారం. అనగా 2024 సెప్టెంబరు 1వ తేదీ. ఆనాడు విజయవాడలో బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ, జక్కంపూడి కాలనీ మొదలైన ప్రాంతాలను ముంచివేసిన సంగతి పాఠక మహాశయులకు తెలిసినదే. నీరు తీసిన పిమ్మట కొన్ని దినాలకు ఒక గృహస్థు భార్యాసమేతంగా మా ఇంటికి వచ్చారు. వారి ఇంటికి శంకుస్థాపన, గృహప్రవేశం రెండూ నా చేతిమీదుగా జరిగినవే. ఆ ఇల్లాలు చాప మీద కూర్చుంటూనే అడిగింది.

“గురువుగారూ, మీరు పెట్టిన ముహూర్తానికే శంకువు వేశాం. మీరు చెప్పినట్టే ఈశాన్యం పల్లం ఉంచాం. మరి ఇంట్లోకి నిలువెత్తు నీళ్ళు ఎందుకు వచ్చాయి? మా వల్ల ఏం దోషం జరిగిందండీ?”

నేను లోపలికి వెళ్ళి పాత నోటు పుస్తకం తీసి చూశాను. ముహూర్తంలో దోషం లేదు. లగ్నశుద్ధి ఉన్నది, అష్టమశుద్ధి ఉన్నది, తారాబలం ఉన్నది. ఏమి చెప్పాలో తోచక, “అంతా దైవేచ్ఛ తల్లీ” అన్నాను. ఆ దంపతులు నమస్కరించి వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డెబ్బది ఏళ్ళు పైబడినవాడిని. తెలియక అన్న మాటకూ తప్పించుకొనడానికి అన్న మాటకూ భేదం నాకు తెలియకపోదు. ఆ ప్రశ్నకు అప్పుడు ఇవ్వవలసిన సమాధానాన్ని ఇప్పుడు ఈ పత్రిక ముఖంగా వ్రాస్తున్నాను.

వరద దైవికమని మన శాస్త్రాలు అన్న మాట నిజమే. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నాల్గవది కంటకశోధనాధికరణం. అందులో దైవికమైన మహాభయాలు ఎనిమిదింటిని లెక్కించినాడు: అగ్ని, ఉదకం, వ్యాధి, దుర్భిక్షం, మూషికాలు, క్రూరమృగాలు, సర్పాలు, రక్షస్సులు. ఉదకమంటే ఇక్కడ వరదయే. బాల్యంలో మా గురువుగారి వద్ద ఈ ప్రకరణం చదివినప్పుడు ఎనిమిది పేర్లు కంఠస్థం చేసి అప్పగించినాను గాని, తరువాతి వాక్యాలలో ఏమున్నదో మనస్సుకు పట్టించుకొనలేదు. ఇప్పుడు మళ్ళీ తీసి చదివితే ఆశ్చర్యం కలిగింది. దైవికమని చెప్పిన ఆ ఆచార్యుడు వెంటనే చెప్పినదంతా మనుష్యులు చేయవలసిన పనియే. నీటి ఒడ్డు గ్రామాలవారు వర్షాకాలమంతా వరద వచ్చే మేరను విడిచి దూరంగా నివసించాలట. కొయ్యలు, వెదుళ్ళు, నావలు ముందుగానే సమకూర్చుకొనాలట. కొట్టుకొనిపోయేవారిని సొరకాయ బుర్రలతో, తోలుతిత్తులతో, తెప్పలతో, దుంగలతో ఒడ్డుకు చేర్చాలట. ఆదుకొనడానికి వెళ్ళనివానికి 12 పణాల దండన. తెప్ప లేనివానికి మాత్రం మినహాయింపు. పర్వదినాలలో నదీపూజలు చేయించమని కూడా ఉన్నది. కాని అది నావల తరువాత వస్తుంది. ఈ క్రమాన్ని మన పూజాపరులు, అందులో నేనూ ఒకణ్ణి, గమనించవలసి ఉన్నది.

కనుక ‘దైవికం’ అన్నంత మాత్రాన మనిషి చేయి కడుక్కొనే అవకాశం శాస్త్రం ఇవ్వలేదు. వాన దైవాధీనం. ఆ వాననీరు ఎవరి ఇంటిలోకి వెళ్ళాలో, ఎంతసేపు నిలవాలో, ఎందరిని బలి తీసుకోవాలో నిర్ణయించడంలో మన పాలు చాలా పెద్దది. అమెరికా దేశపు భూగోళ శాస్త్రజ్ఞుడు గిల్బర్ట్ వైట్ 1945లోనే తన పరిశోధన గ్రంథంలో ఈ భావాన్నే ప్రతిపాదించినాడని ఇంజనీరింగు చదివిన నా మనుమరాలు చెప్పింది. ‘తాతయ్యా, మీ చాణక్యుడు ముందే చెప్పేశాడుగా’ అని కూడా అన్నది. పిల్లలు ఇలా అన్నప్పుడు మనకు గర్వం కలుగుతుంది గాని, ముందే చెప్పినదానిని మనమే పాటించనప్పుడు ఆ గర్వానికి అర్థమేమున్నది?

ఇక బుడమేరు సంగతి. ఇది మైలవరం ప్రాంతపు కొండలలో పుట్టి, విజయవాడకు ఉత్తరంగా ప్రవహించి, తూర్పుగా పోయి కొల్లేటిలో కలిసే వాగు. ఏడాదిలో చాలా మాసాలు దానిలో నీరు పలుచగా ఉంటుంది. అందుచేత దానిని ఏరుగా ఎవరూ లెక్కచేయరు. కాని కొండలలో కుంభవృష్టి కురిస్తే గంటలలో ఉగ్రరూపం దాలుస్తుంది. ‘విజయవాడ దుఃఖదాయిని’ అన్న పేరు దానికి ఊరకే రాలేదు. ఈ బాధ తప్పించడానికే పెద్దలు వెలగలేరు వద్ద రెగ్యులేటరు కట్టి, అక్కడినుండి ఒక మళ్ళింపు కాలువ త్రవ్వి, వరదనీటిని ఇబ్రహీంపట్నం వైపుగా కృష్ణలోకి పంపే ఏర్పాటు చేసినారు. మంచి ఏర్పాటే. అయితే దానిలో ఒక చిక్కు ఉన్నది. బుడమేరు పొంగిన రోజునే కృష్ణ కూడా పొంగితే, నిండి ఉన్న నది కాలువ నీటిని తనలోకి రానివ్వదు. ఆ నీరు వెనుకకు తన్నుతుంది. 2024లో జరిగినది అదే. ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహం నమోదైనది. బ్యారేజీ చరిత్రలో అంతటి వరద అంతకుముందు లేదు. ఇటు మళ్ళింపు కాలువ గట్టుకు గండ్లు పడినాయి. నీరు తన పాత దారిని వెదుక్కుంటూ నగరం మీదికి వచ్చింది.

పాత దారి ఎక్కడ ఉన్నది? మా ఇల్లాలి గారి ఇంటి కిందనే ఉన్నది.

ఈ మాట ఎగతాళికి అనడం లేదు. నా చిన్నతనంలో ఆ ప్రాంతమంతా పల్లపు చేలు. వానాకాలంలో తుంగ, జమ్ము పెరిగి, కొంగలు వాలి ఉండేవి. మోకాలి లోతు నీటిలో పంచె ఎగగట్టుకొని అవతలి ఊరికి పౌరోహిత్యానికి వెళ్ళిన జ్ఞాపకం నాకు స్పష్టంగా ఉన్నది. అటువంటి చోటనే తరువాతి కాలంలో వెంచర్లు వేసినారు. నాకు శంకుస్థాపనకు పిలుపు వచ్చింది. శంకువు కోసం గుంట త్రవ్వగా మూడడుగుల లోతుకే నీరూరింది. గృహస్థు నా ముఖం వంక చూశాడు. “గంగమ్మ ప్రత్యక్షమైంది, శుభసూచకం” అని నేనే అన్నాను. అక్షతలు వేశాను. సంభావన తీసుకొన్నాను.

వరాహమిహిరుని బృహత్సంహితలో వాస్తువిద్య చెప్పిన చోట భూపరీక్ష ఉన్నది. హస్తప్రమాణంగా గుంట త్రవ్వి, తీసిన మన్ను తిరిగి పోసి చూడడం ఒక పద్ధతి. నీరు నింపి నూరు అడుగులు నడిచి వచ్చి చూడడం మరొకటి. భూమి ఏ దిక్కుకు వాలి ఉన్నదో చూడడాన్ని ప్లవమని అన్నారు. ఇవన్నీ మనం నేడు లాంఛనాలుగా మార్చివేసినాము. ప్లవమంటే ఈశాన్యం మూల నాలుగు అంగుళాలు పల్లం ఉంచడంగా తేలిపోయినది. నిజానికి ఆ పరీక్షలో ఉన్న ప్రశ్న చాలా సాధారణమైనది: ఈ నేల మీద పడిన నీరు ఎటు పోతుంది? పై నుండి వచ్చే నీరు ఎటు వస్తుంది? ప్రాకారం లోపల వాలు చూచి, ఊరి వాలు చూడకుండా వదలివేస్తే ఆ వాస్తు సగం వాస్తు. నేను చెప్పినది సగం వాస్తు.

చెరువుల విషయంలో పూర్వులు ఎంత జాగ్రత్తగా ఆలోచించినారో కొంచెం విస్తరంగా చెప్పాలని ఉన్నది. సప్తసంతానాలలో తటాకాన్ని చేర్చిన జాతి మనది. కుమారుని వలె, దేవాలయం వలె, కృతి వలె చెరువు కూడా మనిషికి సంతానమే. బృహత్సంహితలోనే ఉదకార్గలమనే అధ్యాయంలో చెరువు కట్ట తూర్పు పడమరలుగా ఉంటే నీరు చిరకాలం నిలుస్తుందనీ, ఉత్తర దక్షిణాలుగా ఉంటే గాలికి లేచే అలల తాకిడికి తెగే ప్రమాదం ఉన్నదనీ చెప్పినాడు. అంతకంటె ముఖ్యమైన మరొక మాట: నీరు బయటికి పోవడానికి ఒక పక్కన రాళ్ళు పరచిన ద్వారం తప్పక ఉంచాలన్నాడు. దానినే మనం అలుగు అంటున్నాము. రాయలసీమలో కొందరు కళుజు అంటారు. తూము పంట కోసం, అలుగు ప్రాణం కోసం. అలుగు లేని చెరువు ఎంత పుణ్యాత్ముడు త్రవ్వించినా ఊరికి శత్రువే.

కడప సీమలో పోరుమామిళ్ళ చెరువు శాసనం నాకు ఎంతో ఇష్టమైన పాఠం. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో కట్టించిన చెరువు అది. నేటికీ ఉన్నది. ఆ శాసనంలో చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, తగులకూడని ఆరు దోషాలు సంస్కృతంలో చెక్కించినారు. పన్నెండింటిలో ధర్మాత్ముడైన రాజు ఒక అంగమైతే, జలశాస్త్రం ఎరిగిన బ్రాహ్మణుడు మరొక అంగం. మంత్రం ఎరిగిన బ్రాహ్మణుడు అనలేదని గమనించండి. ఇక దోషాలలో మొదట చెప్పదగినది కట్టనుండి నీరు ఊరడం. నేలకు మించిన నీరు ఉండడం కూడా దోషమే; నీటికి మించిన నేల ఉండడమూ దోషమే. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండడం కూడా దోషాలలో చేర్చినారు. ఎవరి బాధ్యతా కానిది చివరకు పాడుబడుతుందని వారికి అప్పుడే తెలుసు. నేడు ఒక కాలువ ఒక శాఖది, గట్టు మరొక శాఖది, గట్టు మీది రోడ్డు ఇంకొక శాఖది అయినప్పుడు ఆ దోషమే మరొక రూపంలో వచ్చినట్లు నాకు తోస్తుంది.

ధర్మశాస్త్రాలు దండనలో కూడా వెనుకాడలేదు. చెరువు కట్ట తెగగొట్టినవానిని ఆ నీటిలోనే ముంచమని కౌటిల్యుడు చెప్పినాడు. మనువు చెప్పినది కూడా దాదాపు అంతే. అంత కఠినత నేటి కాలానికి మనం కోరనక్కరలేదు. కాని మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయంలో మరొక చిన్న విధి ఉన్నది. పూర్వులు ఏర్పరచిన చెరువు నీటిని అపహరించినవాడికీ, దానిలోకి నీరు వచ్చే దారిని చెరచినవాడికీ ప్రథమ సాహస దండం విధించమన్నాడు. చెరువును పూడ్చడం ఎంత నేరమో, చెరువుకు పోయే వాగును పూడ్చడం కూడా నేరమే అన్నమాట. వాగు సన్నగా ఉన్నదని, ఏడాదిలో పది నెలలు ఎండి ఉన్నదని, దాని మీద పిల్లర్లు వేసి దుకాణం కట్టినవాడు ఈ విధి కిందికే వస్తాడు.

నా పెద్ద కుమారుడు హైదరాబాదులో ఉండడం వల్ల ఆ నగరంతో నాకు రాకపోకలు ఉన్నాయి. అక్కడి మూసీ కథ ఈ సందర్భంలో చెప్పకుండా ఉండలేను. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచినప్పుడు వేలాది జనులు మరణించినారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకొన్నారని చెబుతారు. ఆ చెట్టును నేను చూశాను. ఆ వరదకు మూసీకి ఎగువన ఉన్న గొలుసుకట్టు చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగడం కూడా తోడైనది. పై చెరువు తెగితే ఆ నీటి భారం కింది చెరువు మీద పడుతుంది. అది తెగితే దాని కిందిది. తరువాత నిజాం ప్రభువు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి నివారణోపాయం అడిగినాడు. ఆయన ఎగువన జలాశయాలు కట్టమన్నారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి అయినాయి.

అటు తరువాత జరిగిన దానిలోనే మనకు పాఠం ఉన్నది. జలాశయాలు కట్టినారు గనుక ఇక భయం లేదని జనం అనుకొన్నారు. నది గర్భంలోకి, చెరువు శిఖాల్లోకి ఇళ్ళు జరిగినాయి. రక్షణ కోసం కట్టిన గట్టే ధైర్యాన్నిచ్చి మనుష్యులను ప్రమాదం ఒడిలోకి పిలిచినట్లైనది. 2020 అక్టోబరులో భారీ వర్షానికి పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కింది బస్తీలు మునిగినప్పుడు, ఆ ఇళ్ళవారిలో చాలామందికి తాము చెరువు కింద ఉన్నామన్న సంగతే తెలియదు. విజయవాడలోనూ అంతే. 2005లో బుడమేరు నగరాన్ని ముంచింది. ఆ మరుసటి ఏడు ఆ పల్లంలో స్థలాలు చవకగా దొరికినాయి. నాలుగైదేళ్ళకు ధర మామూలైనది. పదేళ్ళకు మునక సంగతి ఎత్తినవానిని పిచ్చివానిగా చూచినారు. మనుష్యుని జ్ఞాపకశక్తి నీటి జ్ఞాపకశక్తి ముందు చాలా తక్కువది.

దిగువన కొల్లేరు కూడా ఈ లెక్కలో ఉన్నది. బుడమేరు నీరంతా చేరవలసినది అక్కడికే. అక్కడినుండి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి. ఆ సరస్సులో చేపల చెరువుల గట్లు వేసి నీటి చోటును తగ్గించినప్పుడు, దాని ఫలం ఎగువన ఎవరో అనుభవించవలసి వస్తుంది. 1999లో దానిని అభయారణ్యంగా ప్రకటించినారు. 2005, 2006 సంవత్సరాలలో చాలా గట్లు తొలగించినారు. తొలగించిన గట్లు మళ్ళీ లేచిన చోట్లు ఉన్నాయి. గట్టు వేసుకొన్న రైతుకు కూడా కుటుంబం ఉన్నది, అప్పు ఉన్నది. అతనిని దూషించి నేను శుద్ధుడనని చెప్పుకోలేను. శంకువు గుంటలో నీరు చూచి శుభమన్నవాడిని నేను.

ఇళ్ళు కట్టుకొన్న తరువాత మనం చేసే పని ఒకటి ఉన్నది, దానిపేరు మెరక. ఎదుటి ఇంటివారు రోడ్డు కంటె రెండడుగులు మెరక తోలించుకొంటే, మనం మూడడుగులు తోలిస్తాము. కొన్నాళ్ళకు రోడ్డును ఎత్తు చేస్తారు. పాత ఇళ్ళు గుంటలైపోతాయి. ఒకడు ఎత్తుకెక్కిన కొద్దీ ఆ నీరు ప్రక్కవాని గుమ్మం తొక్కుతుంది. మా వీధిలో ముప్పది ఏళ్ళ క్రితం మూడు మెట్లు ఎక్కి ఇంట్లోకి వెళ్ళిన ఇంటికి నేడు రెండు మెట్లు దిగి వెళ్ళాలి. ఇందులో ఎవరూ చెడ్డవారు కారు. ఎవరి ఇల్లు వారు కాపాడుకొనాలనుకొన్నవారే.

దేవాలయ పత్రిక కనుక మరొక సంగతి నిర్మొహమాటంగా చెబుతాను. నిర్మాల్యం నీటిలో కలపాలన్నది ఆచారం. పూర్వం నిర్మాల్యమంటే పువ్వులు, పత్రి, అక్షతలు. నీటిలో పడితే కుళ్ళి మన్ను అయ్యేవి. నేడు భక్తులు ప్లాస్టిక్ సంచిలో నిర్మాల్యం మూటగట్టి, సంచితో సహా కాలువలోకి విసురుతున్నారు. పాత పటాలు అద్దాలతో సహా, పాత కేలండర్లు చువ్వలతో సహా విడిచిపెడుతున్నారు. దేవుని బొమ్మ ఉన్నది గనుక చెత్తబుట్టలో వేయకూడదని భావం. భావం మంచిదే. ఆ సంచి మాత్రం వంతెన కింద తూములో అడ్డుపడుతుంది. దాని మీద మరొకటి, దాని మీద ఇంకొకటి చేరుతాయి. వాన కురిసిన రాత్రి మురుగు వెనుకకు తన్ని వీధిలోకి వస్తుంది. వాగులు, డ్రైనులు శుభ్రం చేసే కార్మికులను ఎవరినైనా అడిగి చూడండి. తూముల నోట దొరికే వాటిలో పూజాద్రవ్యం ఎంతో వారు చెబుతారు. పువ్వులను చెట్టు మొదట్లో వేయవచ్చు. చెట్టు కూడా దైవస్వరూపమే. పటాలకు అద్దం, చట్రం వేరు చేసి, కాగితాన్ని మాత్రం అగ్నికి సమర్పించవచ్చు. వినాయక ప్రతిమ పార్థివమని, అనగా మట్టిదని, వ్రతకల్పమే చెబుతున్నది.

వరద వస్తున్నదని హెచ్చరిక వచ్చిన తరువాతి ప్రవర్తన వేరొక అధ్యాయం. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు నేను యువకుణ్ణి. అవనిగడ్డ ప్రాంతానికి సహాయానికి వెళ్ళిన బృందంలో ఉన్నాను. అక్కడ చూచినది ఇక్కడ వ్రాయను. పదివేలకు పైగా ప్రాణాలు పోయినాయి. ఆ తరువాత తీరమంతటా తుఫాను ఆశ్రయ భవనాలు వెలసినాయి, హెచ్చరిక రాగానే ఊళ్ళు ఖాళీ చేయించే పద్ధతి బలపడినది. 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసినా, దివిసీమ వంటి ప్రాణనష్టం జరగలేదు. ముందుగా లక్షలాది జనులను కదిలించగలగడం అందుకు ఒక ముఖ్యకారణం. తుఫాను బలం మన చేతిలో లేదు. కదలడం మన చేతిలో ఉన్నది.

కాని కదలడం మాటలతో అయ్యే పని కాదు. సింగ్ నగర్‌లో నీరు మడమల వరకు వచ్చినప్పుడు చాలామంది ఇళ్ళలోనే ఉండిపోయినారు. ఫ్రిజ్ ఎత్తున పెట్టడానికి, బియ్యం బస్తా మంచం మీద పెట్టడానికి, బండిని వరండాలోకి ఎక్కించడానికి గంట పట్టింది. ఆ గంటలో నీరు నడుములకు వచ్చింది. మా శిష్యుడొకడు తల్లిగారి పెట్టెలోని పత్రాల కోసం తిరిగి లోపలికి వెళ్ళి, మూడు రోజులు మేడమీదనే చిక్కుకొనిపోయినాడు. సింగ్ నగర్ ఫ్లైఓవరు వరకు నడిచి రాగలిగినవారు బయటపడినారు. వృద్ధులు, రోగులు, పసిపిల్లల తల్లులు పడవల కోసం ఎదురుచూచినారు. కొన్ని పడవలవారు డబ్బు అడిగినారని విన్నాను. డబ్బు తీసుకొనకుండా రాత్రింబగళ్ళు తిరిగిన యువకులను చూశాను. వినాయక చవితి సెప్టెంబరు 7న వచ్చింది. గండ్లు పూడ్చే పని ఒక కొలిక్కి వచ్చేసరికి చవితి వచ్చింది. ఆ ఏడు ఎన్నో ఇళ్ళలో పూజ లేదు. పత్రి కాదు కదా, త్రాగేందుకు మంచినీరు లేదు.

ఇందుకు గృహస్థు చేయవలసినది పెద్దదేమీ కాదు. వర్షాకాలానికి ముందే దస్తావేజులు, బంగారం, మందుల చీటీలు ఒక సంచిలో సిద్ధంగా ఉంచుకొనాలి. ఇంట్లో ముందు ఎవరిని కదిలించాలో మాట్లాడుకొని ఉంచాలి. గోవులను కట్టు విప్పి ఉంచాలి. కట్టి ఉన్న పశువు ఈదలేదు. నీరు ప్రవహించే రోడ్డు మీద మోకాలి లోతే కదా అని బండి నడపకూడదు. చూడడానికి వెళ్ళకూడదు. ఈ చివరి మాట యువకులకు చెవికెక్కదు. వంతెనల మీద నిలబడి ఫోటోలు తీసుకొనేవారి గుంపు చూచి నేను ఎన్నోసార్లు నోరు చేసుకొన్నాను.

ఇప్పుడు ముహూర్తం కోసం వచ్చినవారిని నేను మొదట స్థలం సంగతి అడుగుతున్నాను. గ్రామ నక్షా చూశారా? పాత అడంగల్‌లో ఆ సర్వే నంబరు ఎదుట చెరువు అని గాని, కుంట అని గాని, వాగు పోరంబోకు అని గాని ఉన్నదా? చెరువు పూర్తి నీటిమట్టం ఎంతవరకు? పది హెక్టార్లకు మించిన చెరువైతే ముప్పది మీటర్లు, చిన్న చెరువులకు తొమ్మిది మీటర్లు వదలి కట్టాలని భవన నిర్మాణ నియమాలు చెబుతున్నాయి. ఆ దూరం ఉన్నదా? ఆ ఊరి వృద్ధులలో ఒకరినైనా ‘ఇక్కడ నీరు నిలిచేదా’ అని అడిగారా? ఈ ప్రశ్నలకు ఒక యువకుడు విసుగు చెంది, “బ్యాంకు లోను ఇచ్చింది, రిజిస్ట్రేషను అయింది, మీకెందుకండీ ఇవన్నీ? ముహూర్తం చెప్పండి చాలు” అన్నాడు. చెప్పలేనన్నాను. అతడు వేరొకరి వద్దకు వెళ్ళి ముహూర్తం పెట్టించుకొన్నాడని తెలిసింది. ఒకరిద్దరు మాత్రం స్థలం మార్చుకొన్నారు. మరొకరు బయానా పోగొట్టుకొని నన్ను నిందించినారు కూడా.

విశ్వావసు సంవత్సరం వైశాఖంలో ఆ ఇల్లాలు మళ్ళీ వచ్చింది. ఇల్లు అమ్ముదామంటే కొనేవారు లేరు. అప్పు ఇంకా ఉన్నది. మేడమీద ఒక గది వేసుకొని, వానాకాలంలో సామాను పైన ఉంచుకొనాలని నిశ్చయించినారు. దానికి మంచి రోజు చూడమన్నది. నేను పంచాంగం తెరవకముందే, ఆమె క్రితం ఏడాది అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పాను. ముహూర్తంలో దోషం లేదని, మీ వల్ల దోషం జరగలేదని, అది వాగు దారి అని, గుంటలో నీరూరిన రోజున నాకు తెలిసి ఉండవలసిందని చెప్పాను.

ఆమె కొంచెంసేపు ఏమీ అనలేదు. తరువాత, “ఆ రోజే చెప్పాల్సిందండీ గురువుగారూ” అన్నది. ఆ మాటలో కోపం లేదు.

పంచాంగం తెరిచి, మేడమీద గదికి ఆ మాసంలోనే ఒక మంచి రోజు చూసి కాగితం మీద వ్రాసి ఇచ్చాను. ఆమె ఇవ్వబోయిన సంభావన తీసుకొనలేదు.